ఒడ్డు మీద కుట్టు మిషను

మా అక్కకి కుళ్లు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక. మా వీధిలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, కాకపోతే గొంతు తగ్గించి చెబుతారు. ఆవిడ నోటికి జడిసి అందరూ ఆవిడకి కత్తెరమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ భర్తని, అంటే మా బావని, కోటు మాస్టారు అంటారు. నాకు మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. నేను వాళ్ల కొట్లో ఇస్త్రీ చేస్తాను, కాజాలు కుడతాను. నా ఇస్త్రీ బల్ల ముందు కొట్టుకీ వెనక గదికీ మధ్య గుమ్మం దగ్గర ఉంటుంది కాబట్టి రెండు వైపులా జరిగేది నాకు కనిపిస్తుంది. వినకూడదనుకున్నా వినిపిస్తుంది కూడా.

పెళ్లికి ముందు అక్క ఆ కొట్టుకి గుండీలు కుట్టే పనికి వచ్చింది. ఆవిడ కుట్టిన గుండీ పట్టుకుని లాగితే బట్టయినా చిరగాలి గానీ దారం తెగదు. మిషను మీద కూర్చున్నా అంతే. దారానికి ఎంత బిగువు ఉండాలో ఆవిడ వేళ్లకి పుట్టుకతో తెలిసినట్టుంటుంది. ఎంత చవక దారమైనా ఆవిడ చేతిలో తెగడం నేను చూడలేదు. బావ అది చూసే పెళ్లి చేసుకున్నాడని నా అనుమానం. "నీ మొహం చూసి మాత్రం కాదులే" అని ఒకసారి సరదాకి అంటే, అక్క చాలా రోజులు నాతో మాటలు మానేసింది.

పెళ్లయిన మర్నాటి నుంచీ ఆడవాళ్ల కొలతలన్నీ అక్కే తీసుకోవడం మొదలుపెట్టింది. బావ టేపు చేతిలోకి తీసుకున్నాడో లేదో, "ఇలా ఇవ్వండి, మీకెందుకు శ్రమ" అంటూ లాక్కునేది. కొట్లో తల లేని కొయ్యబొమ్మ ఒకటుండేది. కుట్టిన కోటు దానికి తొడిగి, బావ దాని భుజాల మీద చేతులు వేసి నెమ్మదిగా సర్దేవాడు. "నా భుజం మీద ఎప్పుడైనా అంతసేపు చెయ్యి వేశారా?" అని అక్క నిలదీసింది. మర్నాటికి ఆ బొమ్మ మూలకు చేరి గోడ వైపు తిరిగి నిలబడింది. తల లేని బొమ్మకి గోడైతేనేం వీధైతేనేం అని నేను పడీపడీ నవ్వాను. "నీకేం తెలుసే? తల లేనివాళ్లతోనే అసలు ప్రమాదం" అంది అక్క.

నాకు ఈ కుళ్లు అబ్బలేదు. మా ఆయన లారీ నడుపుతాడు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. ఆయన్ని ఎవరైనా ఎగరేసుకుపోతే ఆ చెమట బనియన్లు వాళ్లే ఉతుక్కుంటారని నా ధీమా. అయినా ఒక్కోసారి అక్కని చూస్తే నాకే కడుపు మండేది. అంతలా కుళ్లుకోవడానికి ఒక మనిషి ఉండటం కూడా అదృష్టమే కదా.

ఇలా ఉండగా బావకి కళ్లు పోయాయి. నీటి కాసులన్నారు డాక్టర్లు. ముందు పక్క చూపు పోయింది. ఎడం పక్కన పెట్టిన కత్తెర ఆయనకి కనిపించేది కాదు. తర్వాత గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్త మిగిలింది. ఆ మిగిలిన కాస్తలోకి అక్క వచ్చి కూర్చునేది. పొద్దున్నే ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని, "చూడండి, బాగా చూడండి" అనేది. నేను తల వంచుకుని, అవసరం లేకపోయినా బట్టల మీద నీళ్లు చల్లుతూ ఉండేదాన్ని. కొన్నాళ్లకి ఆ కాస్తా పోయింది.

"ఆయన కళ్లలో ఆఖరున మిగిలింది నా మొహమేనే" అంది అక్క నాతో ఒక రోజు, ఏదో పందెం గెలిచినట్టు. "ఇక ఎవత్తె వచ్చినా దాన్ని చెరపలేదు." అన్నాక కొంగు కళ్లకి అద్దుకుంది. అది ఏడుపో గెలుపో నాకు తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

కోట్లు కత్తిరించడం మానేశాడు గానీ బావ చేతులు ఊరుకోలేదు. అంచులు మడిచేవాడు, కచ్చా కుట్లు విప్పేవాడు. ఏ గుడ్డ ఇచ్చినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలిపి, ఇది కోటు గుడ్డ, ఇది అస్తరు గుడ్డ, ఇక్కడ రెండు పొరలున్నాయి అని చెప్పేసేవాడు. పని తగ్గిందని ఆయనకి బెంగ లేదు. ఆయన బెంగంతా పుస్తకాల కోసం. చూపున్నన్నాళ్లూ టీ తాగుతూ ఒక చేత్తో నవల పట్టుకుని చదివిన మనిషి. ఇప్పుడు గ్లాసు ఒక చేతిలో ఉండేది, రెండో చెయ్యి ఏం చెయ్యాలో తెలియక మోకాలి మీద ఉండేది. అక్క చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. బోర్డులు చదువుతుంది, పేపర్లో పెద్ద అక్షరాలు చదువుతుంది, అదీ వేలు పెట్టి. నేను ఇంకా ఘోరం.

లైబ్రరీవాళ్లు చూపు లేనివాళ్ల ఇళ్లకి మనుషుల్ని పంపి పుస్తకాలు చదివి వినిపిస్తారని ఒక గిరాకీ చెప్పాడు. వెళ్లి పేరు రాయించింది అక్కే. తర్వాత ఆ సంగతి తలుచుకుని తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో. లైబ్రరీ పద్ధతి ఏమిటంటే, ఒక ఇంటికి ఒక మనిషి, ఒక పుస్తకం. పుస్తకం ఆ చదివే మనిషి పేరు మీద బయటికి వస్తుంది. అది పూర్తయ్యాక ఆ మనిషి ఇంకో ఇంటికి వెళ్లిపోవాలి, వరసలో చాలామంది ఎదురు చూస్తుంటారు కాబట్టి. ఈ పద్ధతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఏ ముసలాయనో వస్తాడని అక్క అనుకుంది. వచ్చింది మేడమ్. కాలేజీలో సాహిత్యం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నూలు చీర, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, దగ్గరికొస్తే సబ్బు వాసన. అదంతా సరే, ఆ గొంతు! "నమస్కారం మాస్టారూ" అన్న ఒక్క మాటకే నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగింది. అక్క చేతిలో కత్తెర కూడా ఆగింది. ఆవిడ వెళ్లగానే అక్క పేరు పెట్టేసింది. పాకం. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా ఆవిడ పాకమే.

"ఆవిడ చూడ్డానికి ఎలా ఉంటారే?" అని బావ మామూలుగా అడిగాడు.

"ఎలా ఉంటుంది? ముక్కు ఇంత. పళ్లు ఎత్తు. మొహం నిండా గుంటలు" అంది అక్క, మిషనుకి నూనె వేస్తూ.

"ఎత్తుపళ్ల మనిషికి మాట అంత నున్నగా వస్తుందా?"

"వస్తుంది. దేవుడు ఒకటి తీసుకుంటే ఒకటి ఇస్తాడు."

బావ నా వైపు తల తిప్పాడు. "ఏమ్మా మరదలా, నిజమేనా?"

"నాకు కళ్ల ముందు ఆవిరి బావా, ఏమీ కనపడలేదు" అన్నాను. నాకెందుకొచ్చిన గొడవ.

అసలు మంట మిషను దగ్గర మొదలైంది. రెండోసారి వచ్చినప్పుడు పాకం పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, "ఏమీ అనుకోకండమ్మా, చదివేంతసేపూ ఆ మిషను ఆపితే బాగుంటుంది" అంది ఎంతో మర్యాదగా. అక్క ఆపింది. ఆపి వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. "నా ఇంట్లో నా మిషను ఆపమంటుందే! ఆ చప్పుడుతోనే కదే ఈయన ఇన్నేళ్లూ నా పక్కన చదువుకున్నాడు! అప్పుడు అడ్డం రానిది ఇప్పుడొచ్చిందా?"

ఆ పుస్తకం ఒక పాత అమెరికా నవల, మన భాషలోకి వచ్చింది. ఒక పెద్ద నది, నది మీద తెప్ప. తెప్ప మీద ఇంట్లోంచి పారిపోయిన కుర్రాడొకడు, యజమాని దగ్గర్నుంచి పారిపోయిన బానిస ఒకడు. నది వాళ్లని దిగువకి తీసుకుపోతూ ఉంటుంది. ఒక ఊరి దగ్గర ఇంకో నది వచ్చి కలుస్తుంది. అక్కడ దిగి, ఆ రెండో నది పట్టుకుని పైకి పోతే బానిసలు లేని నేల. ఆ ఊరు దాటితే మాత్రం గోతిలో పడ్డట్టే. దిగువన ఉన్నదంతా ఇంకా కఠినమైన సీమ.

కథ మాత్రమే చదివి పోతే గొడవే ఉండేది కాదు. పాకం ప్రతి నాలుగు పేజీలకీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని అర్థం చెప్పేది.

"ఈ నవలలో నది అంటే నది కాదు మాస్టారూ."

"మరి చెరువా?" అంది అక్క నా చెవి దగ్గర.

"నది అంటే స్వేచ్ఛ. చూడండి, నీళ్ల మీద ఉన్నంతసేపూ వాళ్లిద్దరూ సమానం. ఒకడు యజమానుల జాతి, ఇంకొకడు బానిస అన్నది నీళ్ల మీద చెల్లదు. ఒడ్డు ఎక్కారా, అన్నీ మళ్లీ వచ్చి మీద పడతాయి. అబద్ధాలు, తగాదాలు, మోసాలు, ఎవరు ఎవరికి చెందుతారన్న లెక్కలు. అందుకే ఒడ్డు మీద ఊపిరాడక మళ్లీ మళ్లీ తెప్ప మీదికి పరిగెత్తుతారు."

"నిజం మేడమ్" అన్నాడు బావ. ఆయన మొహంలో అంత వెలుగు చూసి చాన్నాళ్లయింది. "నాకూ అలాగే ఉంటుంది. మీరు చదువుతుంటే తెప్ప మీద ఉన్నట్టే ఉంటుంది."

నా పక్కన అక్క ఊపిరి ఆగిపోయింది. నిజంగా ఆగిపోయింది, నేను చెయ్యి పట్టుకుని కుదిపాను.

పాకం వెళ్లాక మొదలైంది. "విన్నావా? వాళ్లిద్దరూ తెప్ప మీద ఉన్నారట. మరి నేనెవరినే? నేను ఒడ్డునా? మోసాలూ తగాదాలూ నేనా? అన్నం వండేది ఒడ్డు. కళ్లలో చుక్కల మందు వేసింది ఒడ్డు. స్నానానికి నీళ్లు తోడేది ఒడ్డు. అన్నీ అయ్యాక వెళ్లి తేలేది మాత్రం దానితోనా?"

"చిన్నగా అక్కా, బావ వింటాడు."

"విననీ! ఒడ్డు అరుస్తోందని విననీ!"

అప్పటి నుంచి అక్క కళ్లు ఆ పుస్తకం మీదే. పాకం ఎక్కడ ఆపిందో గుర్తుకి ఒక పంచె అంచు ముక్క పేజీల్లో పెట్టేది. ఆవిడ వెళ్లగానే అక్క పుస్తకాన్ని పక్క నుంచి చూసేది, ముక్క ఎంత ముందుకు జరిగిందోనని. అది జరగదే! అర్థాలు చెబుతూ పోతే కథ ఎక్కడ సాగుతుంది? "ఈ నది ఎండిపోదా?" అని పళ్లు నూరేది అక్క. పుస్తకం అయిపోతే పాకం ఇంకో ఇంటికి పోతుంది. అక్కకి కావలసింది అదొక్కటే. లోకం అటు ఇటు అయినా సరే, బావ చెవి పక్కన మళ్లీ తన మిషను చప్పుడు ఒక్కటే ఉండాలి.

ఇంతలో పాకానికి కంటి శుక్లాల ఆపరేషన్ పడింది. కొన్ని వారాలు చదవకూడదన్నారు. "పుస్తకం ఇక్కడే ఉంచుతాను మాస్టారూ. ఇంట్లో ఎవరైనా వినిపిస్తే వినండి, నా కోసం ఆగకండి" అని చెప్పి వెళ్లింది.

అక్క కళ్లు మెరవడం నేను చూశాను. మర్నాడు మధ్యాహ్నం చేతులు కడుక్కుని, కొంగు బిగించి, బావ ఎదురుగా కుర్చీ వేసుకుంది. "నేను చదువుతాను. నవ్వకండి."

బావ నవ్వలేదు. అక్క వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఒత్తు వచ్చిన చోటల్లా బండి ఆగేది. "తె... ప్ప... తెప్ప మీద" అనేసరికి నేను ఒక చొక్కా ఇస్త్రీ పూర్తిచేసేదాన్ని. బావ మాత్రం ముందుకు వంగి, ఒక్క మాట పోకుండా వినేవాడు. రోజూ ఆపే వేళకి అక్క గొంతు బొంగురుపోయేది. అయినా మానలేదు. కుళ్లుతో మొదలుపెట్టిన మనిషి కథలో పడింది. నదిని మంచు కమ్మేసి, కుర్రాడు ఒక పక్కకీ తెప్ప ఒక పక్కకీ కొట్టుకుపోయి, ఒకరినొకరు అరిచి పిలుచుకుంటుంటే, "అయ్యో, ఇటురా నాయనా, ఇటు!" అని అక్క పుస్తకాన్నే కేకలేసింది.

ఇద్దరూ మళ్లీ కలుసుకున్నారు. ఆ దిగాల్సిన ఊరు దగ్గర పడుతోందని బానిసకి కాలు నిలవదు. స్వేచ్ఛ రాగానే కష్టపడి సంపాదించి, ఇంకో యజమాని దగ్గరున్న పెళ్లాన్ని విడిపించుకుంటాడట. తర్వాత ఇద్దరూ కలిసి పిల్లల్ని తెచ్చుకుంటారట. అక్క అక్కడ వేలు ఆపేసింది.

"ఏమండీ! వీడికి పెళ్లాం ఉందండీ!"

"ఉంటే?"

"ఉంటే ఏమిటి, ఉంటే! ఆ మేడమ్ ఇన్నాళ్లూ నది నది అని ఊదరగొట్టింది గానీ, ఒడ్డు మీద వీడికి పెళ్లాం ఉందని ఒక్క ముక్క చెప్పిందా? వీడికి కావలసింది నది కాదండీ, ఒడ్డే! పెళ్లాం పిల్లల్ని తెచ్చిపెట్టుకోవడానికి కాస్త ఒడ్డు. నీళ్ల మీద ఎవరైనా కాపురం చేస్తారా?"

బావ మెల్లగా నవ్వి, "భలే చెప్పావే" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! "ఇది మేడమ్‌కి చెప్పాలి. ఆవిడ రాగానే చెప్పాలి" అన్నాడు.

అక్క మొహం మాడిపోయింది. గొంతు పోయేలా చదివి, తన బుర్రతో తాను పట్టుకున్న ఒక్క ముక్కనీ తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పొయ్యాలట! పుస్తకం మూసి లేచిపోయింది.

మర్నాడు పొద్దున బావ స్నానానికి వెళ్లినప్పుడు, అక్క పెదాలు కదుపుతూ తనలో తాను చదువుకోవడం చూశాను. ఉన్నట్టుండి తలెత్తింది. "దాటిపోయారటే" అంది నాతో. "ఆ మంచులో తెలియకుండా ఆ ఊరు దాటిపోయారట. వెధవలు! ఇక దిగువకే. పెళ్లాం ఆ యజమాని దగ్గర అలా పడి ఉండాల్సిందే." కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే ఆ కళ్లు ఇరుకయ్యాయి. అక్క కళ్లు అలా ఇరుకైతే నాకు భయం.

మధ్యాహ్నం బావ ఎదురుగా కూర్చుని గుర్తు ముక్క దగ్గర పుస్తకం తెరిచింది. ఈసారి ఒక్క అక్షరం దగ్గరా తడుముకోలేదు. "మంచు విడిపోయింది. దూరంగా దీపాలు కనపడ్డాయి. అదే ఆ ఊరు. తెప్పని ఒడ్డుకి చేర్చారు. అతను స్వేచ్ఛ పొందాడు. కష్టపడి పెళ్లాన్ని విడిపించుకున్నాడు. పిల్లల్ని తెచ్చుకున్నాడు. కుర్రాడు కూడా వాళ్లతోనే ఉండిపోయాడు. అందరూ సుఖంగా ఉన్నారు." ఒక్క ఊపిరి తీసుకుంది. "అంతే. అయిపోయింది."

నేను నోరు వెళ్లబెట్టాను. అక్క నా వైపు చూసిన చూపుకి మళ్లీ మూశాను.

"అయిపోయిందా?" అన్నాడు బావ.

"అయిపోయింది."

"ఏదీ, ఇలా ఇవ్వు."

అక్క ఇచ్చేసింది. అదీ ఆవిడ చేసిన తప్పు. జన్మంతా ఆ మనిషి పక్కన గుడ్డ కుట్టి, ఎవరి చేతిలో ఏం పెడుతోందో మరిచిపోయింది. బావ గుర్తు ముక్క ఉన్నచోట వేలు దూర్చి, చదివేసిన పేజీలని ఒకసారి, మిగిలిన పేజీలని ఒకసారి బొటనవేలితో నలిపాడు. ఇటు పల్చన. అటు, రెండు పొరలు వేసిన కోటు కాలరంత మందం. ఆయన వేళ్లు అక్కడ కాసేపు ఆగాయి. అక్క అప్పటికే లేచి మిషను దగ్గరికి వెళ్లిపోయింది, చూడలేదు.

"బాగా అయిందే కథ" అన్నాడు బావ. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి రోజులన్నీ అక్క కాలు నేల మీద నిలవలేదు. మిషను పొద్దస్తమానం మోగింది. "సగం కూడా కాలేదు కదక్కా" అని నేనంటే, "నోర్ముయ్. దాన్ని పంపించెయ్యనీ" అంది. బావ వేళ్ల సంగతి నేను చెప్పలేదు. మొగుడూ పెళ్లాల మధ్య నేనెందుకు?

పాకం నల్ల కళ్లద్దాలతో వచ్చింది. కుర్చీ లాక్కుని, "ఎక్కడున్నాం మాస్టారూ?" అంది.

"అయిపోయింది మేడమ్. మా ఆవిడ చదివేసింది."

"అయిపోయిందా? ఈ కొన్ని వారాల్లోనా?"

"ఆ. మంచు విడిపోయింది. ఆ ఊళ్లో దిగారు. అతను వెళ్లి పెళ్లాన్ని తెచ్చుకున్నాడు." బావ గొంతులో ఏ తొట్రుపాటూ లేదు. పుస్తకం రెండు చేతులతో ఎత్తి ఆవిడకి ఇచ్చాడు.

పాకం పుస్తకం చూసింది. గుర్తు ముక్క ఎక్కడుందో చూసింది. నల్లద్దాల్లోంచి మిషను వైపు చూసింది. అక్క బాబిన్ చుడుతున్నట్టు నటిస్తోంది. దేవుడా, ఇప్పుడు కొంప మునిగిందనుకున్నాను.

"ఇన్నేళ్లు పాఠం చెప్పాను మాస్టారూ" అంది పాకం చివరికి. "నాకు ఒక్కసారి కూడా వాళ్లు ఆ ఊళ్లో దిగలేదు." పుస్తకం సంచిలో పెట్టుకుని, నమస్కారం పెట్టి, వెళ్లిపోయింది.

గెలిచింది అక్క. గెలిచాక మిషను ఎక్కి నాలుగు కుట్లు వేసింది. తలెత్తి బావని చూసింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద ఉన్నాయి. బొటనవేలూ చూపుడువేలూ ఏమీ లేనిదాన్ని నలుపుతున్నాయి.

"మీకు తెలుసు" అంది అక్క.

"ఇంకా అంత మందం ఉంది కదే."

"మరి ఎందుకు ఇచ్చేశారు?"

"నువ్వు వాడిని దింపిన చోటు బాగుంది" అన్నాడు బావ. "వాడి సంగతి ఎలా ఉన్నా, నువ్వు దిగమన్నావు కదా. దిగాను."

"నేను దిగమంటే దిగిపోవడమేనా!" అక్క ఒంటికాలి మీద లేచింది. "ప్రాణం లాంటి పుస్తకం, నాకు ఒక్క మాట చెప్పకుండా వదిలేస్తారా? నేనేమైనా అడిగానా? రేపటి నుంచి ఈ చేతులు ఇలా నలుపుకుంటూ నా కళ్ల ముందు కూర్చుంటే నేనెలా కుట్టాలి?" అని, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తింది. వెనకాలే నేను. ఇస్త్రీ పెట్టె కింద ఎవరిదో చొక్కా వదిలేశాను, అది మాడిపోయింది. అది వేరే గొడవ.

బస్సు స్టాపులో దొరికింది పాకం.

"ఆగండి! ఆ పుస్తకం అయిపోలేదు" అంది అక్క రొప్పుతూ.

"తెలుసమ్మా."

"తెలిసి పట్టుకుపోతున్నారా?"

"మాస్టారు ఇచ్చారు. ఆయన ఇస్తే నేను కాదనగలనా?"

"అయితే ఇప్పుడు నాకివ్వండి."

"నా పేరు మీద ఉందమ్మా. పుస్తకం ఉండాలంటే నేనూ రావాలి. లైబ్రరీ పద్ధతి."

అక్క చేదు మాత్ర నమిలినట్టు మొహం పెట్టింది. "మీ గొంతంటే నాకు పడదు. మొహం మీదే చెబుతున్నాను. ఆ గొంతు వింటే నా ఒళ్లు మండుతుంది."

"తెలుసు. నాకు మీ మిషనంటే పడదు." పాకం గొంతులో ఆ నునుపు లేదు. "నేనెంత బాగా చదివినా, ఆ చప్పుడు మొదలైతే చాలు, ఆయన తల అటు తిరిగిపోతుంది. మొదటి రోజే చూశాను. అందుకే ఆపమన్నాను. మా ఇంట్లో చప్పుడు చేసేది ఫ్రిజ్ ఒక్కటేనమ్మా. దాని వైపు తల తిప్పేవాళ్లు కూడా లేరు."

అక్క ఆవిడ నల్లద్దాలకేసి చూసింది. "తల తిరుగుతుందా?" అంది. "నా మిషను వైపా?"

"ప్రతిసారీ."

ఇన్నేళ్లుగా అక్క మిషను మీద తల వంచుకుని కుట్టింది. వెనక ఎవరి తల ఎటు తిరుగుతోందో ఆవిడకెలా తెలుస్తుంది? నాకు తెలుసు. ఎప్పుడూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"సరే, రండి" అంది అక్క. "కానీ మిషను ఆగదు."

"గట్టిగా చదువుతాను" అంది పాకం.

అలా మళ్లీ మొదలైంది. ఇటు ఆవిడ గొంతు, అటు మిషను, ఒకరి మీద ఒకరు పంతం పట్టినట్టు. ఇద్దరి కుళ్లూ ఒక్క రవ్వ తగ్గలేదని నేను హామీ ఇవ్వగలను. ఊరు దాటిపోయిన సంగతి చదివినప్పుడు బావ ఒక్కసారి నిట్టూర్చాడు. తెప్ప దిగువకి పోతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం పాకం ఒక చోటికి వచ్చింది. కుర్రాడు నిద్రపోతున్నాడనుకుని, ఆ మనిషి తెప్ప మీద ఒంటరిగా కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని మూలుగుతూ ఉంటాడు. పెళ్లాం గుర్తొచ్చి. పిల్లలు గుర్తొచ్చి. ఇక జన్మలో వాళ్లని చూడనేమోనని.

మిషను ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు.

పాకం చదువుతూనే ఉంది. బావ చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషం ఆగండి మేడమ్." మిషను వైపు తల తిప్పి, "ఏమైందే?" అన్నాడు.

"ఏం లేదు. దారం తెగింది" అంది అక్క. గొంతు బొంగురుగా ఉంది.

"ఆవిడని దారం ఎక్కించుకోనివ్వండి మేడమ్" అన్నాడు బావ. "అప్పటిదాకా చదవకండి."

పాకం పుస్తకంలో వేలు పెట్టుకుని ఆగింది. నేను ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని ఆగాను. అక్క తల వంచుకుని సూది దగ్గర వేళ్లు ఆడిస్తోంది. నా బల్ల దగ్గర్నుంచి నాకు బాగా కనిపిస్తోంది. దారం సూదిలోనే ఉంది.